బ్యాండ్ కనబడగానే నమ్మేయకు

బంగారూ,

రాత్రి పదకొండింటికి నువ్వు పంపిన నీ వెస్టర్న్ బ్లాట్ ఫొటో చూశాను, జెల్‌లో బరువును బట్టి ప్రొటీన్లను విడదీసి, మెంబ్రేన్ అనే పొర మీదికి దించి, ఆంటీబాడీతో వెతికినది. ఫోన్లో నీ గొంతు విన్నాక సరిగ్గా నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను. "పెద్దమ్మా, 53 దగ్గర ఒక బ్యాండు, 43 దగ్గర ఇంకొకటి, ఇందులో నా పీ53 ఏది?" అని అడిగావు. (పీ53 అంటే క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రొటీన్, ఆ అంకెలు కిలోడాల్టన్లలో బరువులు.) ఆ ఫొటో ఒక్కటే చూసి నేను చెప్పలేను తల్లీ. బెంగళూరులో ఇటు మల్లేశ్వరం నుంచి మీ యలహంక దాకా ఏ ల్యాబులో ఎంత సీనియర్‌ని అడిగినా, నిజాయితీగా ఉంటే, వాళ్లూ చెప్పలేరు.

ఎందుకంటే ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే ఆంటీబాడీకి దాని పేరు తెలియదు. దానికి తెలిసింది ప్రొటీన్‌లో ఒక చిన్న ముక్క మాత్రమే. అలాంటి ముక్కే ఇంకో ప్రొటీన్‌లో ఉంటే దాన్నీ పట్టుకుంటుంది, అసలు ప్రొటీన్ తక్కువగా ఉండి ఆ రెండోది కుప్పలుగా ఉంటే దాన్నే ఎక్కువగా చూపిస్తుంది. ట్యూబు మీద కంపెనీ వాళ్లు ఏం రాసినా సరే, నీ సెల్స్‌లో, నీ బఫర్‌లో, నీ చేతిలో అది ఏం పట్టుకుంటోందో నువ్వు తేల్చుకోవాల్సిందే.

లెక్క ప్రకారం 43 అసలుదని నువ్వు అనుకుంటున్నావు కదా. పీ53లో 393 అమైనో ఆమ్లాలు, వాటి బరువు దాదాపు 43.7 కిలోడాల్టన్లే, నిజమే. కానీ అందులో ప్రోలీన్లు ఎక్కువగా ఉన్న భాగం ఒకటి ఉంది, దానివల్ల జెల్‌లో నెమ్మదిగా దిగి 53 దగ్గర ఆగుతుంది. ఆ పేరు కూడా జెల్ మీద కనబడ్డ బరువును బట్టి పెట్టిందే. (దాన్ని కనుక్కున్నదీ 1979లోనే, జెల్ నుంచి నైట్రోసెల్యులోజ్ పొర మీదికి ప్రొటీన్లను దించే పద్ధతిని టోబిన్ వాళ్లు ప్రచురించిందీ 1979లోనే. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.) కాబట్టి కాగితం మీది బరువును నమ్ముకోకు. అలాగని 53 దగ్గర ఉంది కాబట్టి అదే పీ53 అనీ అనుకోకు.

తేల్చేది ఒక్కటే: ఆ ప్రొటీన్ అసలు లేని సెల్స్ పక్కన పెట్టి చూడటం. హెచ్1299 సెల్స్‌లో పీ53 లేదు, సావోస్-2లోనూ లేదు. మీ బిల్డింగ్‌లో ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటాయి, వెళ్లి అడుగు, సెల్స్ ఇవ్వకపోయినా కాస్త లైసేట్, అంటే సెల్స్‌ను పగలగొట్టిన ద్రవం, ఇస్తారు. దాన్నీ, నీ ఏ549 సెల్స్‌నీ, పీ53ని పెంచే మందు డాక్సోరుబిసిన్ ఇచ్చిన ఏ549నీ ఒకే జెల్‌లో పక్కపక్కన వెయ్యి. మందు ఇచ్చిన చోట పెరిగి, హెచ్1299లో పూర్తిగా మాయమైన బ్యాండే నీది. హెచ్1299లోనూ నిలబడి ఉన్నది ఎంత అందంగా ఉన్నా నీది కాదు. హేలా సెల్స్‌ను మాత్రం పీ53 లేని సెల్స్‌గా వాడకు, అక్కడ వైరస్ ప్రొటీన్ వల్ల పీ53 కరిగిపోతూ తక్కువగా ఉంటుందే తప్ప జీన్ ఉంది. 2016లో ఒక అంతర్జాతీయ బృందం ఆంటీబాడీని పరీక్షించడానికి ఐదు దారులు రాసింది. జీన్ తీసేసి చూడటం వాటిలో ఒకటి, నా దృష్టిలో అన్నిటికంటే గట్టిది.

నేను ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. నేను చేరిన కొత్తలో ఎలుక ప్లీహంతో పని చేసేదాన్ని. నా ప్రొటీన్ 52 దగ్గర రావాలి, 50కి కాస్త పైన నల్లగా, చక్కగా ఒక గీత వచ్చింది. ఏడు నెలలు దాని మీదే గ్రాఫులు గీశాను. ఒకరోజు ప్రైమరీ (ప్రొటీన్‌ను పట్టే మొదటి ఆంటీబాడీ) అయిపోయి, ఊరికే సెకండరీ (ఆ మొదటిదాన్ని పట్టి సిగ్నల్ ఇచ్చే రెండోది) ఒక్కటే వేసిన మెంబ్రేన్ డెవలప్ చేశాను. డార్క్ రూమ్‌లో ఎర్ర లైటు కింద ఫిల్మ్ పైకెత్తి చూస్తే అదే గీత, అదే నలుపు, అదే చోట. ఎలుక ఆంటీబాడీని పట్టే సెకండరీ ఎలుక రక్తంలో ఉన్న ఆంటీబాడీలనే పట్టుకుంది, వాటి బరువైన గొలుసు 50 దగ్గరే వస్తుంది. నేను చూసింది నా ప్రొటీన్ కానే కాదు. ఆ ఫిల్మ్ ఇంకా నా దగ్గర ఉంది. నువ్వు సెల్ లైన్లతో చేస్తున్నావు కాబట్టి ఇప్పుడు ఆ బాధ లేదు, కానీ రేపు ఐపీ (ఆంటీబాడీతో ప్రొటీన్‌ను లాగి వేరుచేయడం) చేసి బ్లాట్ వేస్తే సరిగ్గా నీ పీ53 కిందే ఆ గొలుసు కూర్చుంటుంది. అందుకే ప్రతి కొత్త సెట్టప్‌లో సెకండరీ ఒక్కటే వేసిన ముక్క ఒకటి ఉండాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ట్రాన్స్‌ఫర్ అవగానే పాన్సో అనే ఎర్ర రంగు వేసి ఫోన్లో ఫొటో తీసుకో, బుడగ ఉన్నచోట తెల్లగా గుండ్రంగా కనబడుతుంది, ఆ లేన్ గురించి తర్వాత వాదించుకోవాల్సిన పని ఉండదు. ఫాస్ఫేట్ తగిలిన ప్రొటీన్‌ను పట్టే ఫాస్ఫో ఆంటీబాడీ అయితే, మెంబ్రేన్ మీది ఖాళీలు కప్పడానికి పాలపొడి బదులు బీఎస్ఏ (ఆవు రక్తంలోని ప్రొటీన్) వాడు, పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి. ఆంటీబాడీ కొత్త ట్యూబు రాగానే చిన్నచిన్న భాగాలు చేసి దాచు, మళ్లీ మళ్లీ గడ్డకట్టించి కరిగిస్తే చెడిపోతుంది, ఇంత డబ్బు పోసి తెప్పించినది. సిగ్నల్ ఇచ్చే హెచ్ఆర్‌పీ ఎంజైమ్ ఉన్న సెకండరీలో, చెడిపోకుండా కలిపే అజైడ్ వేయకు, ఎంజైమ్ పనిచేయదు. లాట్ (తయారీ విడత) నంబర్ తప్పకుండా రాసుకో, జంతువు రక్తం నుంచి తీసిన పాలీక్లోనల్ అయితే మరీ ముఖ్యం, కొత్త లాట్ అంటే కొత్త జంతువు రక్తం కావచ్చు.

కొలత విషయం మాత్రం నిదానంగా చదువు. బ్యాండ్ బాగా నల్లగా వచ్చిందంటే సంతోషపడకు, అక్కడ సిగ్నల్ నిండిపోయి ఉండొచ్చు. నిండిపోయాక రెండింతలు వేసినా అంతే నలుపు వస్తుంది. ఒకే లైసేట్‌ను 5, 10, 20, 40 మైక్రోగ్రాములు వేసి చూడు. సిగ్నల్ కూడా అదే వరుసలో రెట్టింపు అవుతున్నంతవరకే నీ అంకెలకు విలువ. లేన్లలో సమానంగా వేశామో లేదో చూసుకునే ఆక్టిన్ ప్రొటీన్ సంగతి ఇంకా కష్టం, 30 మైక్రోగ్రాముల దగ్గరే చాలాసార్లు నిండిపోయి ఉంటుంది, అప్పుడు అన్ని లేన్లూ సమానంగా కనబడతాయి, సమానంగా లేకపోయినా. ఇక ఒకే లైసేట్‌ను మూడుసార్లు పరిగెత్తించి మూడు ప్రయోగాలని రాయకు, మూడుసార్లు వేరువేరుగా సెల్స్ పెంచి చేస్తేనే మూడు. మీ సార్ తొందరపెడుతున్నారని తెలుసు, ఈ ఒక్కటీ ఆయనకు నువ్వే చెప్పు, భయపడకు.

ఒక మాట రాత్రే అడగాల్సింది, నువ్వు ఏడుస్తుంటే మర్చిపోయాను. ఆ మెంబ్రేన్ కొత్తదేనా, లేక ముందు ఆక్టిన్ వేసి, స్ట్రిప్ చేసి (పాత ఆంటీబాడీ కడిగేసి) మళ్లీ వాడావా? ఆక్టిన్ 42 దగ్గర వస్తుంది. స్ట్రిప్పింగ్ సరిగ్గా కాకపోతే నీ 43 అదే అయ్యుండొచ్చు. నోట్‌బుక్ చూసి సాయంత్రం ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ