ఏడుపు తెలుగులో, వ్యాకరణం ఇంగ్లీషులో

ప్రశ్న: మేము విదేశంలో స్థిరపడ్డాము. మా నాలుగేళ్ల అబ్బాయి ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడతాడు. ఈ మధ్య రెండింటినీ కలిపి 'ఐ యామ్ నాట్ ఏడుస్తింగ్', 'నేను సోఫా మీద నుంచి జంపాను' అంటున్నాడు. బంధువులు ఫోనులో ఆ మాటలనే మళ్లీ మళ్లీ చెప్పించుకొని నవ్వుతున్నారు. వాడు అయోమయంలో పడ్డాడంటారా? మేము దిద్దాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అయోమయం ఏమీ లేదండీ. మీరు రాసిన రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 'జంపాను'లో క్రియ ఇంగ్లీషుది. కాలాన్నీ కర్తనూ తెలిపే ప్రత్యయాలు తెలుగువి. అరువు తెచ్చుకున్న క్రియకు 'చేయు' అనో 'అవు' అనో తోడు చేర్చడం పెద్దవాళ్లకు అలవాటు కనుక మనమైతే 'జంప్ చేశాను' అంటాము. మీ అబ్బాయి ఆ తోడు అక్కర్లేదనుకొని నేరుగా ప్రత్యయమే తగిలించాడు. 'ఏడుస్తింగ్'లో వ్యవహారం తలకిందులైంది: మాట తెలుగుది, చట్రం ఇంగ్లీషుది. రెండు భాషల ప్రత్యయాల పని తెలియనివాడికి ఇలాంటి తప్పు చేయడం సాధ్యం కాదు.

న్యూయార్కులోని ప్యూర్టోరికన్ల స్పానిష్-ఇంగ్లీషు సంభాషణలను పరిశీలించిన భాషాశాస్త్రవేత్త షానా పాప్లాక్, ఒక భాష ధాతువు (మాట మూలరూపం) రెండో భాష ఉచ్చారణలో ఇమిడిపోతే తప్ప దానికి ఆ రెండో భాష ప్రత్యయం అతకదని 1980లో ప్రతిపాదించారు. ఆ సూత్రానికి తరువాత అనేక భాషల నుంచి మినహాయింపులు వచ్చాయి. మీ ఇంట్లోనూ ఒకటి తయారైందనుకోండి. పిల్లల ద్విభాషా పరిశోధకుడు ఫ్రెడ్ జెనెసీ బృందం 1995లో ప్రచురించిన పరిశీలనలో, ఫ్రెంచి, ఇంగ్లీషు వినిపించే ఇళ్లలోని రెండేళ్ల పిల్లలు సైతం తల్లితో తల్లి భాషను, తండ్రితో తండ్రి భాషను ఎక్కువగా వాడినట్లు తేలింది. ఎదుట ఉన్నది ఎవరో గమనించి మాట్లాడేవారిని అయోమయంలో ఉన్నారని ఎలా అనగలము?

దిద్దే విషయానికి వస్తే, 'తప్పు, మళ్లీ చెప్పు' అనకండి. 'ఏడవడం లేదా? మరి ఆ కన్నీళ్లేమిటి?' అని నిండు తెలుగులో సంభాషణ సాగిస్తే చాలు. బంధువుల నవ్వే నాకు నచ్చలేదు. పదేపదే నవ్వితే పిల్లవాడు తెలుగులో నోరు విప్పడమే మానుకోవచ్చు. (మనం 'కారుని సర్వీస్‌కి డ్రాప్ చేసి, ట్రాఫిక్ అవాయిడ్ చేసి వచ్చేస్తాను' అంటే మాత్రం ఎవరికీ నవ్వు రాదు.)

ఎన్ని ఇంగ్లీషు మాటలు దొర్లాయో లెక్కపెట్టకుండా, వాక్యానికి చట్రం ఏ భాష ఇస్తోందో చూడండి. 'జంపాను' తరహా వాక్యాలు ఎన్ని వచ్చినా దిగులు పడనక్కరలేదు. 'ఏడుస్తింగ్' తరహావే పెరుగుతూ, తెలుగు అక్కడక్కడ విడి మాటలుగా మిగులుతుంటే మాత్రం బడి భాష ఇంట్లోనూ పైచేయి సాధిస్తోందని గ్రహించి, వాడితో తెలుగులో మాట్లాడే మనుషులనూ సమయాన్నీ పెంచాలి. ఫోనులో నవ్వే ఆ బంధువుల్లో ఇంగ్లీషు బొత్తిగా రానివారెవరైనా ఉంటే ఈ పని వారికే అప్పగించండి. 'జంపడమంటే ఏమిటి నాయనా?' అని వారు నిజంగానే అడిగితే, 'దూకాను' అన్న మాటను వాడే వెతుక్కుంటాడు.