మాంటాయ్‌ఫెల్ మీద రాసే ముందు

చిరంజీవికి,

పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రాజ్యమైన ప్రష్యాకు సేనానిగా ఉన్న ఎడ్విన్ ఫాన్ మాంటాయ్‌ఫెల్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తేదీలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి, వచనం కూడా సాఫీగా నడిచింది. చిక్కల్లా తూకంలోనే వచ్చింది. సగానికి పైగా ఆస్ట్రియాతో 1866లో, ఫ్రాన్స్‌తో 1870లో జరిగిన యుద్ధాలకే ఇచ్చేశావు. 1857 నుంచి 1865 దాకా రాజు దగ్గర గడిపిన కాలానికి ఒక్క పేరాతో సరిపెట్టావు. యుద్ధాల్లో ఆయన్ని మించిన పేరున్నవాళ్లు ప్రష్యాలో చాలామందే దొరుకుతారు. ఆయన మీద ప్రత్యేకంగా రాయాల్సింది ఏమైనా ఉంటే అది రాజుగారి గది తలుపు దగ్గర గడిచిన కాలం గురించే. ఆ తలుపుకి ఏ ఏడు ఎంత దూరంలో ఉన్నాడో ముందు ఒక కాగితం మీద వేసుకో. వ్యాసానికి ఎముకలగూడు అదే.

మొదటి మెట్టు 1848. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు, ఫ్రెడరిక్ విలియం IV దగ్గర ఫ్లూగెల్ అడ్జుటెంట్ అయ్యాడు. మన పత్రికలు గవర్నర్ వెనక నిలబడే అధికారిని ఏడీసీ అంటాయి కదా, నువ్వూ అదే మాట వాడావు. వాడు, తప్పులేదు. కానీ ప్రష్యాలో ఈ మనిషి తలుపు తీసి అతిథిని లోపలికి పంపడంతో ఆగడు. రాజు ఉత్తరం పట్టుకుని పరాయి దర్బారుకు వెళ్తాడు, అక్కడ రాజు తరఫున మాట్లాడి వస్తాడు. 1864లో డెన్మార్క్ యుద్ధం మధ్యలో డెన్మార్క్ ప్రధాన భూభాగమైన యూట్లండ్‌లోకి సైన్యం దిగేందుకు ఆస్ట్రియాను ఒప్పించడానికి వియన్నా వెళ్లింది ఈయనే. అది విదేశాంగ మంత్రి చేసే పని. నీ వ్యాసంలో ఆ ప్రయాణమే లేదు.

హోదాల్లో ఒక సవరణ. కల్నల్, అంతకంటే దిగువ హోదా వాళ్లు ఫ్లూగెల్ అడ్జుటెంట్లు, పైస్థాయి జనరళ్లు జనరల్ అడ్జుటెంట్లు. 1861లో ఆయన లెఫ్టినెంట్ జనరల్‌గానూ జనరల్ అడ్జుటెంట్‌గానూ అయ్యాడు. నువ్వు ఈ రెంటినీ ఒకే పదవిగా రాశావు. ఒకటి సైన్యంలో మెట్టు, రెండోది రాజుతో సంబంధం. ఇంకొకటి, ప్రష్యన్ మేజర్ జనరల్‌ని ఇప్పటి మన సైన్యంలోని మేజర్ జనరల్‌తో పోల్చకు. అక్కడ బ్రిగేడియర్ జనరల్ అనే మెట్టు లేదు, మేజర్ జనరలే జనరళ్లలో అందరికంటే కిందివాడు, మామూలుగా అతని చేతికి వచ్చేది ఒక బ్రిగేడే.

ఇక అసలు సంగతి. 1857లో ఆయన యుద్ధ మంత్రిత్వ శాఖలో సిబ్బంది విభాగానికి అధిపతి అయ్యాడు. పేరుకి అది మంత్రి కింద ఉండే విభాగం, పనిలో మాత్రం సైన్యానికి సంబంధించి రాజుగారి పేషీ. ముఖ్యమంత్రి పేషీలో ఎవరున్నారో చూసుకుని ఫైలు కదిపే మన పాఠకుడికి ఇంతకంటే వివరం అక్కర్లేదు. ఏ కల్నల్‌కు ఏ రెజిమెంటు ఇవ్వాలి, ఎవరికి పదోన్నతి, ఎవర్ని పింఛనిచ్చి ఇంటికి పంపాలి, ఈ కాగితాలన్నీ ఆయన చేతిమీదుగానే రాజు ముందుకు వెళ్లేవి. వయసు మళ్లిన అధికారులను వరసపెట్టి పంపించేశాడు. 1866లో గెలిచిన సైన్యంలో అధికారుల వరస చాలావరకు ఆయన పేర్చినదే. ఒక్క తుపాకీ పేలకుండా జరిగిన ఈ పనిని రాయడం యుద్ధం రాయడం కంటే కష్టం, అందుకే నువ్వు తప్పించుకున్నావు.

దాన్ని పాఠకుడి కళ్లకు కట్టాలంటే ఒక సంతకాన్ని పట్టుకో. 1850 రాజ్యాంగం 44వ అధికరణం ప్రకారం రాజు ఉత్తర్వు చెల్లాలంటే దాని మీద ఒక మంత్రి సంతకం కూడా పడాలి, ఆ మంత్రి దానికి జవాబుదారీ. 46వ అధికరణం సైన్యాధిపత్యం రాజుదంటుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు ఎంతన్నదే గొడవ. 18 జనవరి 1861న, అంటే గద్దెనెక్కిన పదహారు రోజులకు, విల్హెల్మ్ I ఒక ఉత్తర్వు ఇచ్చాడు. సైన్యంలో సేవా విషయాలకు, నియామకాలకు సంబంధించిన రాజాజ్ఞలకు ఇక మంత్రి సంతకం అవసరం లేదన్నది దాని సారం. మంత్రి సంతకం లేదు కాబట్టి శాసనసభ నిలదీయడానికి మనిషి లేడు. సంతకం పెట్టకుండానే అధికారం నడిపే మనిషి మాత్రం ఉన్నాడు. నీ వ్యాసానికి నడుము ఇక్కడుంది. ఇది ముందు పెడితేనే 1860ల గొడవ అర్థమవుతుంది: ఏటా సైన్యంలో చేర్చుకునేవాళ్ల సంఖ్యను 40,000 నుంచి 63,000కు పెంచాలని, మూడేళ్ల సేవ ఉండాలని రాజు పట్టు, డబ్బు మంజూరు చేయాల్సిన దిగువ సభకు అనుమానం.

అన్నట్టు, 1858లో విల్హెల్మ్‌ను ‘రాజు’ అన్నావు. అన్న ఫ్రెడరిక్ విలియం జబ్బుపడ్డాక 1858 అక్టోబరులో ఆయన రాజప్రతినిధి అయ్యాడు, రాజయింది 2 జనవరి 1861న. ఇలాంటి ఒక్క తప్పు చాలు, తెలిసినవాడు వ్యాసం మూసేయడానికి.

ద్వంద్వ యుద్ధాన్ని నువ్వు సినిమా ఫైటులా రాశావు. పిస్తోళ్లు కాదు, కారణం ముఖ్యం. బెర్లిన్‌లో న్యాయాధికారి కార్ల్ ట్వెస్టెన్ 1861 వసంతంలో పేరు పెట్టకుండా ఒక కరపత్రం అచ్చేశాడు. ఈ విభాగాధిపతి ఆ చోట ఉండటమే దేశానికి కీడు అన్నట్టు రాశాడు. రాసిందెవరో తేలాక మాంటాయ్‌ఫెల్ సవాలు విసిరాడు. మే 27న కలుసుకున్నారు, ట్వెస్టెన్ చేతికి గుండు దిగింది. చట్టం ప్రకారం నేరం కాబట్టి మాంటాయ్‌ఫెల్ మాగ్డెబర్గ్ కోటలో కొన్నాళ్లు శిక్ష అనుభవించాడు. కోటశిక్ష మామూలు జైలు లాంటిది కాదు, మర్యాద పోని శిక్ష. బయటికొచ్చి మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఒక్క వాక్యానికి చోటివ్వు, గుర్రాల వర్ణన తీసెయ్.

1862 సెప్టెంబరులో బిస్మార్క్ ప్రధానమంత్రి అయ్యాడు. రాజు చెవిలో ఇంకొకరు మాట్లాడటం అతనికి గిట్టదు. సభను పక్కన పెట్టి తేల్చేద్దామనే మాంటాయ్‌ఫెల్ దూకుడు అంతకంటే గిట్టదు. 1865లో మాంటాయ్‌ఫెల్‌ను ష్లెస్విగ్‌కు గవర్నరుగా పంపారు. కాగితం మీద గౌరవమే. తలుపు మాత్రం దూరమైంది. అక్కణ్ణించి హోదా పెరుగుతూ పోయింది, పట్టు తగ్గుతూ వచ్చింది. నువ్వు దీన్ని పదోన్నతిగా రాశావు కాబట్టే తర్వాతి పేజీలకు బిగువు పోయింది.

యుద్ధాలను కుదించి రాయి. మూడు చోట్ల మాత్రం ఆగు. 1866 జూన్‌లో ఆయన దళాలు హోల్‌స్టైన్‌లోకి అడుగుపెట్టినప్పుడు ఆస్ట్రియన్ గవర్నర్ గాబ్లెంజ్ తుపాకీ పేల్చకుండా వెనక్కి తగ్గాడు. దాన్ని ‘విజయం’ అనకు. రెండోది ఫ్రాంక్‌ఫర్ట్. నగరాన్ని ఆక్రమించి మొదటి విడతగా దాదాపు 60 లక్షల గుల్డెన్లు (అప్పటి నాణేలు) రాబట్టింది ప్రష్యన్ జనరల్ ఫోగెల్ ఫాన్ ఫాల్కెన్‌స్టైన్. జూలైలో ఆయన స్థానంలోకి వచ్చిన మాంటాయ్‌ఫెల్ రెండున్నర కోట్లు అడిగాడు. నగర మేయర్ కార్ల్ ఫెల్నర్ జూలై 24న ఉరేసుకున్నాడు. నువ్వు రెండు మొత్తాలనూ ఒకే జనరల్ ఖాతాలో వేశావు. విడదీసి రాయి, అప్పుడే బాధ్యత ఎవరిది ఎంతో కనబడుతుంది.

మూడోది 1871 జనవరి. ప్రష్యన్ దక్షిణ సేనను వెంటబెట్టుకుని ఆయన నేరుగా తోటి జర్మన్ జనరల్ వెర్డర్‌కు సాయంగా పోలేదు. కొండల మీదుగా దిగి ఫ్రెంచి జనరల్ బూర్బాకీ సేన లియాన్ వైపు తప్పించుకునే దారి కోశాడు. ఇక్కడ అందరూ జారే చోటు ఒకటుంది: జనవరి 28న వెర్సాయ్‌లో కాల్పుల విరమణ కుదిరాక కూడా ఆయన పోరాడాడు కాబట్టి ఒప్పందం మీరాడని రాయడం. ఆ ఒప్పందం ఆ తూర్పు జిల్లాలకు వర్తించలేదు. ఆ సంగతి ఫ్రెంచి విదేశాంగ మంత్రి జూల్ ఫావ్ర్ బోర్డోలోని తమ ప్రభుత్వ ప్రతినిధులకు పంపిన తంతిలో లేదు, అందుకే ఫ్రెంచి సైనికులు యుద్ధం ఆగిందనుకున్నారు. ఫిబ్రవరి 1 నుంచి సుమారు 87,000 మంది లే వెరియేర్ దగ్గర, ఆ చుట్టుపక్కల సరిహద్దు దాటి స్విస్ వాళ్లకు ఆయుధాలు అప్పగించారు. తంతి సంగతి లేకపోతే ఈ ఘట్టం మొత్తం తలకిందులవుతుంది.

ఆధారాల గురించి. పాట్స్‌డామ్‌లోని సైనిక పత్రాగారం 1945 ఏప్రిల్ బాంబుదాడిలో కాలిపోయింది, ప్రష్యన్ సైన్యం కాగితాలు చాలావరకు అందులోనే పోయాయి. అందుకని రాజుకీ మాంటాయ్‌ఫెల్‌కీ మధ్య గదిలో నడిచిన మాటలను కోట్స్‌లో పెట్టకు. నీ ఆరో పేజీలో ఉన్న సంభాషణకు ఆధారం చూపించగలవా? లేకపోతే కొట్టేయ్. పదవుల తేదీలకు అచ్చయిన వార్షిక ర్యాంకు జాబితాలు చూడు. రాజదర్బారు వాతావరణానికి లియోపోల్డ్ ఫాన్ గెర్లాఖ్ డైరీ పనికొస్తుంది. అయితే ఆయనా రాజు జనరల్ అడ్జుటెంటే, ఒక పక్షం మనిషి, పైగా ఆ డైరీని ఆయన చనిపోయాక అచ్చువేయించింది కూతురు. ‘మాంటాయ్‌ఫెల్’ అని ఒంటిగా కనబడిన చోటల్లా ఎవరో చూసుకో. 1850 నుంచి 1858 దాకా ప్రధానమంత్రిగా ఉన్న ఒట్టో ఈయనకు దాయాది, 1850ల పత్రాల్లో ఎక్కువగా తగిలేది అతనే.

చివరి ఆరేళ్లు వదిలేశావు. 1873లో ఫీల్డ్ మార్షల్ అయ్యాక కథ అయిపోయిందనుకున్నట్టున్నావు. 1879లో స్ట్రాస్‌బర్గ్‌లో, ఫ్రాన్స్ నుంచి లాక్కున్న అల్సాస్-లొరేన్‌కు చక్రవర్తి ప్రతినిధిగా కూర్చున్నాడు. స్థానిక పెద్దలను మంచి చేసుకోబోయి జర్మన్ అధికారుల విసుగు మూటగట్టుకున్నాడు. ట్వెస్టెన్ కాలంలో రాజీ అంటే మండిపడ్డ మనిషి ఇక్కడ ఇలా ఎందుకు మారాడో నీకు తోచింది రాయి, కానీ అది నీ ఊహ అని తెలిసేలా రాయి. 17 జూన్ 1885న కార్ల్స్‌బాడ్‌లో పోయాడు, 76 ఏళ్లు. నువ్వు 74 అని వేశావు, పుట్టింది 24 ఫిబ్రవరి 1809 కాబట్టి లెక్క మళ్లీ వేసుకో.

రెండో ప్రతి పంపేటప్పుడు ప్రతి తేదీ పక్కన మార్జిన్‌లో ఎక్కడ చూశావో రాసి పంపు. యుద్ధాలు మూడు పేజీలు దాటకూడదు.

ఆశీస్సులతో.