కొండ కింద రేకుల షెడ్డు, చలికి దూడ పోయింది, మేకపిల్లలు వణుకుతున్నాయి: హీటర్ కొనాలా, చుట్టూ టార్పాలిన్ కట్టేయాలా?

ఎస్.కోట దగ్గర కొండ కింద కొత్తగా షెడ్డు వేశాం, రెండు జెర్సీ క్రాస్ ఆవులు, కొన్ని మేకలు, నాటుకోళ్లు ఉన్నాయి, పుట్టిన కొద్ది రోజులకే దూడ పోయింది అని రాశారు కదా తమ్ముడూ, చదివితే మనసు చివుక్కుమంది. మాది మెంటాడ పక్క, ఆండ్ర రిజర్వాయర్ దాటాక కొండల్ని ఆనుకుని ఉన్న ఊరు. అత్తారింటికి వచ్చిన దగ్గర్నుంచీ సాల (పశువుల పాక) పని అంతా నాదే, అందుకే నాకు తెలిసింది చెప్తున్నాను, కొంచెం పొడుగవుతాది, ఓపిగ్గా చదవండి.

ముందు మీరడిగిన దానికి జవాబు. హీటర్ అక్కర్లేదు. టార్పాలిన్ చుట్టూ బిగించేయడం మాత్రం అస్సలొద్దు.

మన దగ్గర చలి లంబసింగి చలి కాదు. ధనుర్మాసంలో తెల్లారుజామున 12, 13 డిగ్రీలకి దిగిందంటే ఊరంతా చలిమంటల కాడే ఉంటాది, కానీ కడుపునిండా మేత తిన్న పెద్ద ఆవుకి అది పెద్ద లెక్క కాదు. చిన్నవాటిని పడగొట్టేది కింద తడి, పక్కనుంచి గాలి, ఈ రెండే. వెంట్రుక పొడిగా ఉంటే దాని మధ్యలో గాలి నిలిచి ఒంటి వేడిని పట్టి ఉంచుతాది, ఉచ్చలోనో మంచులోనో తడిసి ఒంటికి అంటుకుపోయిందంటే ఇంక ఆ వేడి నిలవదు. అందుకే మీరు డబ్బులు పెట్టేది ఏదైనా నేల మీద పెట్టండి.

నేల చూడ్డానికి నేను చేసే పని ఒకటి ఉంది, రాత్రి పడుకునే ముందు దూడ పడుకునే చోట మోకాళ్ల మీద కాసేపు కూర్చుంటాను. లేచేసరికి చీర తడిగా తగిలిందంటే దూడ రాత్రంతా ఆ తడిలోనే పడుకుంటాదన్నమాట. వెంటనే పైన గడ్డి తీసేసి, కింద పొడి ఊక జల్లి, దానిమీద మళ్లీ ఎండు వరిగడ్డి మందంగా వేస్తాం, ఎంత మందం అంటే దూడ పడుకుంటే కాళ్లు గడ్డిలో కూరుకుపోయి పైకి కనపడకూడదు. కల్లాలయ్యాక గడ్డికి కరువు లేదు కదా మనకి, పక్క గడ్డి దగ్గర పీనాసితనం చెయ్యొద్దు, తీసిన తడిగడ్డి అంతా గత్తం (ఎరువు) అయ్యి మళ్లీ పొలానికే పోతాది. సిమెంట్ నేల అయితే ఇంకా జాగ్రత్త, అది ఒంట్లో వేడి లాగేస్తాది. ఉచ్చ పోడానికి కాలువ, నేలకి వాలు లేకపోతే ఎంత గడ్డి వేసినా లాభం లేదు.

గాలి సంగతి. రాత్రి పూట చల్లగాలి కొండమీంచి కిందకి జారి పల్లంలో, గెడ్డ (వాగు) పక్కన నిలబడిపోతాది, షెడ్డు అలాంటి చోట ఉంటే ఆ కొండపక్క గోడ ఆవు వెన్ను ఎత్తుదాకా మూసేయండి, తాటికమ్మలతో దడి కట్టినా చాలు. మాకైతే గోనెపట్టాలు, పాతవి కలిపి కుట్టి కర్రకి చుట్టి ఉంచుతాం, పొద్దుగూకాక దించుతాం, ఎండ రాగానే ఎత్తేస్తాం. గోగునార పండే జిల్లాలు మనవి, గోనెలకి వెతుక్కోవక్కర్లేదు. కానీ పైన, కప్పు కిందన ఒక అడుగైనా ఖాళీ ఉంచండి. అన్నీ మూసేస్తే ఏమవుతాదంటే పశువుల ఊపిరి తేమ అంతా పైకెళ్లి చల్లటి రేకుకి తగిలి నీళ్లయ్యి తెల్లారేసరికి వాటి వీపుల మీదే చుక్కలు చుక్కలుగా పడతాది, కింద ఉచ్చ వాసన అమోనియా పేరుకుపోయి చిన్నవాటికి ఊపిరితిత్తులు పాడై నిమోనియా పట్టుకుంటాది. తెల్లారి మీరు లోపలికెళ్లి దూడ ఎత్తులో వంగి ఊపిరి పీల్చండి, కళ్లు మండితే గాలి ఆడట్లేదని అర్థం. మీది రేకుల షెడ్డు అన్నారు, రేకు రాత్రి తొందరగా చల్లబడిపోతాది, దానికింద తాటాకులు గానీ గడ్డి గానీ ఒక వరస కట్టించండి, ఎండాకాలంలో కూడా అదే పనికొస్తాది.

ఇంక దూడ. ఈనగానే ఆవు నాకుతాది, నాకనివ్వండి, అది నాకడంతోనే సగం ఆరుతాది, మిగతాది పొడి గోనెతో గట్టిగా రుద్దండి, రుద్దితే రక్తం కూడా ఆడతాది. బొడ్డుకి టింక్చర్ అయోడిన్ పెట్టండి. మొదటి గంట రెండు గంటల్లో జున్నుపాలు కడుపులో పడాలి. మా అత్త వాళ్ల కాలంలో మాయ పడేదాకా పాలు పట్టకూడదనేవారు, మీ ఊళ్లో ఎవరైనా అలాగ చెప్తే దయచేసి వినొద్దు, చలికి తట్టుకునే వేడి, రోగాన్ని ఆపే శక్తి రెండూ ఆ పాలల్లోనే ఉంటాయి, గంటలు గడిచేకొద్దీ దూడ పేగు ఆ శక్తిని తీసుకోలేదు. 25 కేజీల దూడకి మొదటిరోజు రెండున్నర లీటర్ల దాకా, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు. తర్వాత గోనెసంచి నిలువుగా విప్పి వీపు మీద వేసి, ఛాతీ కింద ఒక తాడు, పొట్ట కింద ఒక తాడు వదులుగా కడతాం, మగదూడకైతే పొట్ట తాడు కొంచెం ముందుకే ఉండాలి, లేకపోతే ఉచ్చకి తడుస్తాది. పగలు ఎండలో విప్పేయాలి, తడిసిన గోనె ఉంచేకంటే అసలు లేకపోవడమే మేలు.

మేకపిల్లలు వణుకుతున్నాయంటే ఇంకా టైం ఉందనే. వణుకు ఆగిపోయి, మెడ వాల్చేసి, అరుపు కూడా రాకుండా పడుంటే అది ప్రమాదం. అలాంటప్పుడు దాని నోట్లో వేలు పెట్టి చూడండి. లోపల నాలుక చల్లగా తగిలిందంటే ఒంట్లో వేడి పోయిందన్నమాట. డిజిటల్ థర్మామీటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి, మేకకి మామూలుగా 102, 103 ఫారన్‌హీట్ దగ్గర ఉంటాది, 99 కన్నా దిగితే తొందరపడాలి. అందరూ చేసేది ఏంటంటే కంగారులో గబగబా పాలు పోసేస్తారు, చల్లబడిన పిల్ల మింగలేదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి దాంతోనే పోతాది. ముందు వేడి, తర్వాత పాలు. అప్పుడే పుట్టిన పిల్లయితే బకెట్లో మోచేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లు పెట్టి, తల పైకి పట్టుకుని మెడదాకా ముంచి ఉంచండి, నీళ్లు చల్లారితే మళ్లీ కొంచెం కలపండి, నాలుక వెచ్చబడ్డాక తీసి బాగా తుడిచి, పొయ్యి దగ్గర ఆరబెట్టి, గంపలో గడ్డి వేసి, వేడినీళ్ల సీసాలు గుడ్డ చుట్టి రెండు పక్కలా పెట్టండి. వేలు నోట్లో పెడితే తనంతట తాను చీకడం మొదలెట్టినప్పుడు తల్లి పాలు పితికి పట్టండి. కానీ పుట్టి ఐదారు గంటలు దాటి పాలు తాగని పిల్లయితే దాని ఒంట్లో చక్కెర అయిపోయి ఉంటాది, ముందే వేడి చేస్తే ఫిట్స్ వస్తాయి, డాక్టర్ గారితో గ్లూకోజ్ ఎక్కించాకే వేడి చెయ్యాలి. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తాది, ఆ నంబరు షెడ్డు గోడ మీద పెద్దగా రాసిపెట్టండి.

మేత విషయం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆవుకి దాని కడుపే కుంపటి, ఎండుగడ్డి లోపల నానుతూ పులుస్తూ రాత్రంతా వేడి పుట్టిస్తాది. అందుకే చలికాలం ఎండుగడ్డి ఎక్కువ భాగం సాయంత్రం వెయ్యాలి, చోడిగడ్డి (రాగిగడ్డి) దొరికితే ఇంకా మంచిది. ఉడకబెట్టిన ఉలవలు, తవుడు, కొంచెం బెల్లం, మినరల్ మిక్చర్ మామూలే. పొద్దున్నే మంచుతో ఉన్న పచ్చిమేత మాత్రం పెట్టొద్దు, ముఖ్యంగా వరి కోసిన చేలల్లో జల్లిన పిల్లిపెసర, అలసంద లాంటివి తడితో ఆకలిగా మేస్తే ఎడమ డొక్క పొంగి కడుపుబ్బరం వస్తాది. మేకల్ని కూడా మంచు ఆరాకే తోలండి, తడిగడ్డి కొసల్లో కడుపు పురుగుల లార్వాలు ఉంటాయి.

నీళ్లు రాత్రంతా తొట్టిలో ఉన్నవి పెట్టొద్దు, చల్లగా ఉంటే తక్కువ తాగుతాయి, తక్కువ తాగితే తక్కువ తింటాయి, పాలు తగ్గుతాయి. అప్పుడే కొట్టిన బోరు నీళ్లు చలికాలం పొద్దున గోరువెచ్చగా పొగలొస్తుంటాయి, అవే పట్టండి, వేరే కాచక్కర్లేదు. కడగడం మధ్యాహ్నం ఎండలోనే, అదీ రోజూ వద్దు. గేదెలకి వెంట్రుక తక్కువ, ఎప్పుడైనా గేదెని కొంటే ఆవు కన్నా దానికే ఎక్కువ కాపు కావాలి.

కోడిపిల్లలకి మాత్రం వేడి కావాల్సిందే. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారం వారం మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. బల్బు కింద గుంపుగా ఒకదానిమీద ఒకటి ఎక్కితే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే వేడెక్కువ, అంతటా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు. ఇప్పుడు షాపుల్లో ఎల్ఈడీ ఇస్తున్నారు, అది వెలుగే గానీ వేడి ఇవ్వదు, పాతరకం ఫిలమెంట్ బల్బు అడిగి తెచ్చుకోండి, గొలుసుకి వేలాడదీయండి, వైరుకి కాదు. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా మానొద్దు.

నిప్పుల కుంపటి సాలలో పెట్టి పడుకునే అలవాటు మన ఊళ్లల్లో ఇంకా ఉంది. దయచేసి పెట్టొద్దు. గడ్డి ఉన్న చోట ఒక్క రవ్వ చాలు, అంటుకోకపోయినా మూసిన గదిలో బొగ్గుల విషవాయువు వాసన రాకుండానే చంపేస్తాది, పశువునీ కాపలా పడుకున్న మనిషినీ కూడా. మంట వేసుకుంటే బయట వేసుకోండి.

మీ రెండో ఆవు చూడి ఎన్నో నెలో రాయలేదు. సంక్రాంతి చుట్టుపక్కల ఈనేలా ఉంటే ఇప్పట్నుంచే ఒక మూల కొండగాలి తగలకుండా దడి కట్టి, ఊక, గడ్డి, రెండు మూడు పొడి గోనెలు, టింక్చర్ అక్కడే పెట్టేసుకోండి. నేల వాలు ఎటుందో, రేకు ఎంత ఎత్తుందో ఒక ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.