ఇల్లు అమ్మే ముందు రంగులా, కాగితాలా?

ప్రశ్న: మాది నల్లగొండ. మా నాన్న 1981లో 200 గజాల స్థలం కొని, 1987లో అనుమతి తీసుకుని ఇల్లు కట్టారు. 2004లో పైన రెండు గదులు వేశాం, వాటికి అనుమతి లేదు. నాన్న వీలునామా రాయకుండానే మూడేళ్ల క్రితం చనిపోయారు. అమ్మ, నేను, అమెరికాలో స్థిరపడిన తమ్ముడు, మిర్యాలగూడలో ఉంటున్న చెల్లెలు ఉన్నాం. ఇల్లు అమ్మాలనుకుంటున్నాం. నాలుగు లక్షలు పెట్టి రంగులు, టైల్స్ వేయిస్తే మంచి ధర పలుకుతుందని బ్రోకర్ చెబుతున్నాడు. ఇప్పటికి ముగ్గురు వచ్చి చూశారు. ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) మా నాన్న పేరే లేదని ఇద్దరు వెనక్కి తగ్గారు, మూడో ఆయన మరీ తక్కువకు అడుగుతున్నాడు. చెల్లెలికి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చాం కాబట్టి ఆమె సంతకం అక్కర్లేదని బంధువుల మాట. నిజమేనా? ఇద్దరి దగ్గర బయానా తీసుకుని, ఎవరు ఎక్కువ ఇస్తే వారికి రిజిస్ట్రేషన్ చేయవచ్చా?

జవాబు: మీ ధర పడిపోయింది గోడల దగ్గర కాదు, ఈసీ దగ్గర. అక్కడి నుంచే మొదలుపెడతాను.

రిజిస్ట్రేషన్ శాఖ ఆన్‌లైన్‌లో ఇచ్చే ఈసీలో 1983 నుంచి జరిగిన లావాదేవీలే కనిపిస్తాయి. మీ నాన్నగారు కొన్నది 1981లో. ఆ తర్వాత ఆ ఆస్తిని ఎవరూ అమ్మలేదు, రిజిస్టర్డ్ తనఖా కూడా పెట్టలేదు. అందుకే ఈసీ ఖాళీగా వచ్చింది. అమ్మేవారికి నిజానికి అంతకంటే మంచి ఈసీ ఉండదు. కానీ ఫోనులో ఆ కాగితం చూసిన మనిషి ‘లావాదేవీలు లేవు’ అన్న మాటను ‘హక్కు లేదు’ అని చదువుకుంటాడు. వారిని తప్పుపట్టలేం. మీ దగ్గర ఉన్న దస్తావేజు నంబరు, సంవత్సరం రాసి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి. పాత పుస్తకాలు వెతికి 1983కు ముందు కాలానికి విడిగా ఈసీ ఇస్తారు. ఆ దస్తావేజుకు సర్టిఫైడ్ నకలు కూడా తీసుకోండి. రెండు ఈసీలూ ఒకదాని వెనక ఒకటి పెట్టి చూపిస్తే ఆ ఇద్దరూ అడగడానికి ఏమీ మిగలదు.

ఇంకో చిక్కు ఉంది, మీరు గమనించినట్టు లేరు. 1981 దస్తావేజు ఖాళీ స్థలానిది. అందులో సర్వే నంబరు, నాలుగు హద్దులు ఉంటాయి, ఇంటి నంబరు ఉండదు. మీరు కట్టే పన్ను రసీదులో ఇంటి నంబరు ఉంటుంది, సర్వే నంబరు ఉండదు. ఈ రెండూ ఒకే ఆస్తివని చెప్పే మూడో కాగితం కావాలి. 1987 నాటి అనుమతి ప్లాను ఆ పని చేస్తుంది. ఇనప్పెట్టెలో లేకపోతే మున్సిపల్ కార్యాలయంలో నకలుకు ప్రయత్నించండి. ఆ తర్వాత టేపు తీసుకుని హద్దులు మీరే కొలవండి. దస్తావేజులో ‘ఉత్తరం: 20 అడుగుల బాట’ అని ఉండి, ఇవాళ గుమ్మం ముందు 16 అడుగులే ఉంటే, ఆ సంగతి బ్యాంకు ఇంజినీరు కంటే ముందు మీకు తెలియాలి. ‘తూర్పు: ఫలానా వారి ఖాళీ స్థలం’ అని రాసిన చోట ఇప్పుడు ఎవరిదో రెండంతస్తుల ఇల్లు లేచి ఉంటుంది. కొత్త దస్తావేజులో పాత హద్దు, ఇప్పటి హద్దు రెండూ రాయించండి.

బ్యాంకు ఇంజినీరును ఊరికే తలవలేదు. కాస్త గట్టి ధర పెట్టగలిగేది సాధారణంగా ఉద్యోగస్తులు, వారు కొనేది అప్పు మీద. అప్పు రావాలంటే బ్యాంకు న్యాయవాది మీ కాగితాలు చదివి సరే అనాలి. కాగితాలు సరిగా లేని ఇంటికి నగదుతో వచ్చేవారే మిగులుతారు. మీ మూడో ఆయన అలాంటివాడేనని నా అనుమానం. ఆయన అడుగుతున్నది ఇంటి ధర కాదు, మీ ఇబ్బంది ధర.

ఇక మీ చెల్లెలు. మీ కుటుంబానికి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుందని అనుకుని చెబుతున్నాను. కూతుళ్ల హక్కు అనగానే అందరూ 2005 సవరణ గురించి వాదిస్తారు. అది ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి. తండ్రి సొంత సంపాదనతో కొని, వీలునామా లేకుండా పోతే 1956 నుంచీ కూతురిది కొడుకుతో సమానమైన వాటాయే. అమ్మకు, మీకు, తమ్ముడికి, చెల్లెలికి తలా నాలుగో వంతు. మీ నాన్న పోయేనాటికి నానమ్మ బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది, అప్పుడు ఐదు వాటాలవుతాయి. చాలా కుటుంబాలు ఈ సంగతి మరిచిపోతాయి. పెళ్లిలో పెట్టిన బంగారం, పసుపు కుంకుమల కింద ఇచ్చిన డబ్బు ఆ వాటాను చెరపవు.

చెల్లెలు తన వాటా వదులుకోవడానికి ఇష్టపడినా నోటిమాట చెల్లదు, తెల్లకాగితం మీద సంతకం చెల్లదు. రిజిస్టర్డ్ దస్తావేజు ఉండాలి. దాని ఖర్చు ఎందుకు? నలుగురూ అమ్మకందారులుగా ఒకే దస్తావేజులో సంతకాలు పెట్టండి, డబ్బు ఎవరికి ఎంత అన్నది మీరు మీరు కూర్చుని తేల్చుకోండి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంలో నలుగురి పేర్లూ ఉండాలి. ‘కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెండి’ అని ఎవరైనా అంటే కంగారుపడకండి. అది డిపాజిట్లు, షేర్లు, రావలసిన బాకీల కోసం; ఇంటికి అవసరం లేదు.

తమ్ముడు రాలేకపోతే ఈ ఇంటి అమ్మకానికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించుకుని పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. చాలా బేరాలు చెడేది ఈ కాగితం కోసం ఎదురుచూస్తూనే. కొనేవారు దొరికాక కాదు, ఇప్పుడే మొదలుపెట్టమనండి. ఆయన ఎన్నారై అయితే ఆయన వాటా మీద కొనేవారు మినహాయించాల్సిన ఆదాయపు పన్ను వేరు. మామూలు అమ్మకంలో 50 లక్షలు, ఆపైన ఉంటేనే ఒక శాతం మినహాయిస్తారు. ఎన్నారై వాటాకు ఆ 50 లక్షల పరిమితి లేదు, రేటూ ఎక్కువ. తక్కువ మినహాయింపుకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే పత్రం తెచ్చుకునే వీలుంది, ఆడిటర్‌ను కలవండి.

రంగుల సంగతికి వద్దాం. వేయించండి, తప్పు లేదు. చీపురు, సున్నం, వాకిట్లో వెలుగు ఇంటి విలువను పెంచుతాయి. పాత షాబాదు బండలు గట్టిగా ఉంటే నేనైతే వాటిని పగలగొట్టి టైల్స్ వేయించను, రుద్ది పాలిష్ చేయిస్తే చాలు. కానీ రంగు కింద ఏం దాస్తున్నారన్నది చట్టం అడుగుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం మీకు తెలిసి ఉంటే చెప్పితీరాలి. చెప్పకపోతే దాన్ని మోసం కిందే లెక్కిస్తుంది. నా దగ్గరకు వచ్చిన ఒకాయన ఏప్రిల్‌లో స్లాబు అడుగున తెల్లరంగు వేయించి, మే నెలలో ఇల్లు అమ్మారు. జూన్ రెండో వారంలో పడకగది పైకప్పు మీద టీ రంగు మరక పళ్లెమంత లేచింది. అంతకుముందు ఏడాది అదే చోట మరమ్మతు చేసిన మేస్త్రీయే కొన్నవారికి సాక్షి అయ్యాడు. చివరికి మరమ్మతు ఖర్చంతా అమ్మినాయనే కట్టి బయటపడ్డారు. మీ స్లాబు కారుతుంటే ఆ నాలుగు లక్షల్లో మొదటి రూపాయి అక్కడ పెట్టండి, మేస్త్రీ బిల్లు దాచండి.

పైన వేసిన రెండు గదులకు అనుమతి లేదని ముందే చెప్పండి, అగ్రిమెంటులోనూ రాయండి. బ్యాంకులు సాధారణంగా అనుమతి ఉన్న కట్టడానికే విలువ కడతాయి కాబట్టి, ఆ గదుల ధరను చివర్లో ఎవరో కోసేయకముందే మీరే విడిగా చెప్పుకోవడం మేలు. అలాగే నీళ్లు. ఫ్లోరైడ్ పేరు మోసిన జిల్లా మనది, ఏ కొనుగోలుదారైనా బోరు నీళ్లేనా అని అడగకుండా వెళ్లడు. కుళాయి కనెక్షన్ రసీదు ఫైలులో పెట్టుకోండి. ఇంటి పన్ను, నీటి బిల్లు, కరెంటు బిల్లు అమ్మకం తేదీ వరకు మీ బాధ్యతే. ఈశాన్యంలో బాత్రూము ఉందని బేరమాడేవారికి మాత్రం చట్టంలో జవాబు లేదు.

ఇద్దరి దగ్గర బయానా మాటేమిటంటారా? పొరపాటున కూడా వద్దు. బ్రోకర్‌కు పోయేదేమీ లేదు, కోర్టుకు తిరిగేది మీరు. ధర, షరతులు తేల్చుకుని బయానా కాగితం మీద సంతకం చేశాక ఎక్కువ ఇచ్చేవాడు వచ్చాడని మారితే, మొదటివాడు నిర్దిష్ట పరిహార చట్టం కింద మీచేత రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయవచ్చు. దానికి మూడేళ్ల గడువు ఉంటుంది. పైగా 2018 సవరణ తర్వాత కోర్టు అలాంటి డిక్రీని తన ఇష్టం మీద నిరాకరించే వీలు బాగా తగ్గింది. పోటీ పెట్టాలనుకుంటే బయానాకు ముందు పెట్టండి. ఒక పదిహేను రోజులు గడువు పెట్టుకుని, వచ్చినవారందరి మాటా విని, ఆ తర్వాత ఒక్కరి దగ్గరే తీసుకోండి. ఆ కాగితం మీద మీ ఒక్కరి సంతకం ఉంటే మీ నాలుగో వంతుకే కట్టుబాటు. మిగతా ముగ్గురూ సంతకం చేయాలి. మొత్తం ధర, రిజిస్ట్రేషన్ చివరి తేదీ, ఆ తేదీ దాటితే బయానా ఏమవుతుంది అన్నవి రాయండి. మోటారు, ఫ్యాన్లు ఇస్తున్నారో లేదో కూడా. చిన్నవే, గొడవలు వాటి దగ్గరే. రిజిస్ట్రేషన్ కాకుండా తాళాలు మాత్రం ఇవ్వవద్దు.

డబ్బు బ్యాంకు ద్వారానే. ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్న మొత్తానికి సమానంగా జరిమానా పడవచ్చు. కట్టాల్సింది ఇచ్చినవాడు కాదు, పుచ్చుకున్న మీరు.

మూడో ఆయనకు ఇప్పుడు ఏ జవాబూ చెప్పకండి. వెళ్లిపోయిన ఆ ఇద్దరి ఫోను నంబర్లు బ్రోకర్‌ను అడిగి తీసుకోండి. పాత ఈసీ చేతికి వచ్చిన రోజున మొదట వారికే ఫోను చేయండి.