పాత నీటిరంగుల చిత్రంలో ఉన్నది మన పూర్వీకులేనని ఎలా తేల్చుకోవాలి?

తాతగారి పెట్టెలో దొరికిన నీటిరంగుల చిత్రంలో భార్యాభర్తలు, ఒక పిల్లవాడు ఉన్నారనీ, వారు 19వ శతాబ్దంలో జీవించిన మీ పూర్వీకులేనని ఇంట్లో చెప్పుకుంటారనీ, అది నిజమో కాదో తెలుసుకునే దారి చెప్పమనీ అడిగారు. ఇలాంటి చిత్రమే మా ఇంట్లోనూ ఉండడం వల్ల, దాని సంగతి తేల్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టడం వల్ల, ఈ జవాబు రాస్తున్నాను.

మా అమ్మమ్మగారి ఇంట్లో దేవుడి గది పక్కన ఆ పటం ఉండేది. తలపాగా చుట్టుకున్న పురుషుడు, ఎర్రచీర కట్టుకున్న స్త్రీ, వెనుక లేతనీలి ఆకాశం. వారు అమ్మమ్మకు ముత్తాత, ముత్తవ్వ అని చెప్పి, సంవత్సరీకాల రోజున పటానికి దండ వేసేవారు. చెదలు పట్టిందని చట్రం విప్పినప్పుడు, అట్ట కింద దాగిపోయిన అంచు మీద సన్నటి తెలుగు అక్షరాల్లో "కంసాలి, అతని పెండ్లాము" అని కనిపించింది. మాది తరతరాలుగా కరణీకం చేసిన కుటుంబం.

18వ శతాబ్దం చివరి నుంచి తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతాల చిత్రకారులు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల కోసం వృత్తులనూ కులాలనూ చూపే చిత్రాలను కట్టలుగా గీసి అమ్మేవారు. ఒక్కో కాగితం మీద ఒక్కో దంపతులు, చేతిలో వృత్తికి గుర్తుగా ఏదో పనిముట్టు, కింద కులం పేరు ఉండడం వాటి పద్ధతి. కాగితం మీదే కాక అభ్రకం రేకుల మీద కూడా గీసేవారు. తంజావూరును 1673 వరకూ నాయక రాజులు ఏలారు, ఆ తరువాత మరాఠాల కాలంలోనూ అక్కడ తెలుగుకు ఆదరణ తగ్గలేదు. అందువల్ల ఈ చిత్రాల మీద తెలుగు రాత కనబడడం వింతేమీ కాదు. ఆ రాతను చూసి చిత్రం మన ప్రాంతంలోనే పుట్టిందని నేను మొదట పొరబడ్డాను.

కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే "జె వాట్‌మన్ 1822" అన్న నీటిగుర్తు (కాగితం తయారయ్యేటప్పుడే అందులో పడే గుర్తు) కనిపించింది. వాట్‌మన్ అన్నది ఇంగ్లండులోని కాగితం తయారీదారు పేరు. ఎగుమతి కాగితంపై పన్ను రాయితీ కోసం 1794 నుంచి ఇంగ్లండులో నీటిగుర్తులో సంవత్సరం వేయడం మొదలైంది. అయితే ఆ సంవత్సరం కాగితానిదే కానీ చిత్రానిది కాదు: ఓడలో రావడానికీ, అంగడిలో నిలవ ఉండడానికీ కొన్నేళ్లు పట్టవచ్చు కాబట్టి, చిత్రం అంతకు ముందుది కాదని మాత్రమే దాన్నిబట్టి చెప్పగలం.

అన్నిటికన్నా గట్టి ఆధారం పోలిక. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం తమ దక్షిణ భారత చిత్రాలను ఇంటర్నెట్‌లో ఉంచాయి. రాత్రుళ్లు కూర్చుని వెతకగా, మా పటంలోని నిలుచున్న తీరు, చీర మడతలు, చేతిలోని చిన్న త్రాసు దాదాపు అలాగే ఇంకొక చిత్రంలో కనిపించాయి. ఒకే నమూనాను మళ్లీ మళ్లీ దించేవారు కాబట్టి, మీ చిత్రంలోని మనుషులు మరొక చోట కూడా కనిపిస్తే అది కుటుంబచిత్రం కాదనుకోవచ్చు. ముఖాల్లో వయసు, మచ్చ, వంకర ముక్కు వంటి సొంత లక్షణాలుండి, కింద కులానికి బదులు మనిషి పేరో ఊరి పేరో ఉంటే మాత్రం మీ ఇంటివారి మాట మీద నమ్మకం పెంచుకోండి. పిల్లవాడు ఉన్నంత మాత్రాన ఏదీ తేలదు; అమ్మకపు చిత్రాల్లోనూ కొన్నిటిలో పిల్లలుంటారు.

ఒక జాగ్రత్త తప్పక చెప్పాలి. చట్రాలు కట్టే ఒక దుకాణంలో మా చిత్రాన్ని జిగురుతో అట్టకు అంటించేశారు. వెనుకవైపు ఇంకేమైనా రాసి ఉంటే అది ఇక మాకు దక్కదు. మీరు ఎవరి చేతికీ ఇవ్వకముందే నాలుగు అంచులనూ, వెనుకవైపునూ ఫోటో తీసి పెట్టుకోండి. లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, వెలిసినవి తిరిగి రావు. అందుకే మ్యూజియాలు ఇలాంటి చిత్రాలపై సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వవు. ఎండ తగలని, చెమ్మ లేని గోడకు, ఆమ్లం లేని అట్టతో కట్టించండి.

సంగతి తెలిసిన రోజున అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎవరైతేనేం, ఇన్నేళ్లూ మనం దణ్ణం పెట్టుకున్నది వీళ్లకే కదా" అంది. ఆ పటానికి ఇప్పటికీ దండ వేస్తున్నాం.