లైవ్ సర్వీస్ ఆటల కోసం స్టూడియోలను కొనడం సోనీకి ఎందుకు కలిసిరాలేదు?

లైవ్ సర్వీస్ అంటే విడుదలయ్యాక కూడా ఆన్‌లైన్‌లో కొత్త విషయాలు చేరుస్తూ నడిపే ఆట. ఇలాంటి ఆటల్లో అసలు రాబడి మొదటి అమ్మకంలో ఉండదు. నెలల తరబడి సీజన్ పాసులు (కొంతకాలం పాటు అదనపు బహుమతులు అందించే టికెట్లు), పాత్రల వేషాలు కొనిపించడంలో ఉంటుంది. ఆ విద్య కోసమే సోనీ 2022లో 'డెస్టినీ' సృష్టికర్త బంగీని సుమారు 360 కోట్ల డాలర్లకు కొన్నది. అయితే ఆటగాళ్ల ఖాళీ సమయాన్ని ఫోర్ట్‌నైట్ లాంటివి ఎప్పుడో ఆక్రమించాయి. అక్కడి స్నేహితులనూ, డబ్బు పెట్టి కొన్న వేషాలనూ వదిలి కొత్త ఆటకు ఎందుకు వస్తారు? 2024 ఆగస్టు 23న వచ్చిన సోనీ లైవ్ సర్వీస్ ఆట 'కాంకర్డ్'ను సెప్టెంబరు 6నే ఆపేసి, కొన్నవారికి డబ్బు వెనక్కి ఇచ్చారు. దాన్ని తయారుచేసిన ఫైర్‌వాక్ స్టూడియోను సోనీ కొన్న ఏడాదిన్నరకే మూసేశారు. నాకు నవ్వొచ్చేది ఒకటే: అదే ఏడాది సోనీ ప్రచురించి విజయం సాధించిన లైవ్ సర్వీస్ ఆట 'హెల్‌డైవర్స్ 2'ను చేసిన యారోహెడ్, సోనీ కొన్న స్టూడియో కానే కాదు.