నవల చదివినవారికి నాటకం ఎందుకు చాలదు?

ప్రశ్న: నేను పదేపదే చదువుకున్న నవలను ఈమధ్య నాటకంగా వేశారు. నటులు బాగా చేశారు, రంగాలంకరణ బాగుంది, పక్కనున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం ఏదో వెలితి. ఆ రాత్రే మళ్లీ పుస్తకం తీశాను. నాటకం సజీవ కళ, అచ్చక్షరాలు దానికి సాటి రావని మిత్రులు మందలిస్తున్నారు. నాకు నాటకాభిరుచి లేదంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: అలా అనను. నటన, రంగాలంకరణ బాగున్నాయని మీరే రాశారు. అభిరుచి లేనివాళ్ల కంటికి అవి ఆనవు. నవలలో ఉన్న ఒక మనిషి వేదిక మీదికి రాలేదు, మీ వెలితి అదీ. ఆ మనిషి కథ చెప్పేవాడు. పాత్రలన్నీ వచ్చాయి, సంఘటనలూ వచ్చాయి. వాటిని మీకు చెబుతూ, ఒకచోట పరుగెత్తించి మరోచోట నిలబెట్టి, పాత్రకు తెలియని సంగతి మీకు మాత్రమే చేరవేసిన గొంతు రాలేదు. కథ మొదటిసారికే తెలిసిపోయినా మళ్లీ మళ్లీ చదివారంటే, మీరు ఇష్టపడింది ఆ గొంతునే.

విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన ‘లే మిజరబ్ల్’నే తీసుకోండి. 1980లో పారిస్‌లో మొదలై, 1985లో లండన్‌లో ఇంగ్లీషులోకి వచ్చిన దాని సంగీత నాటకానికి దేశదేశాల్లో బ్రహ్మరథం పట్టారు. మాజీ ఖైదీ జీన్ వాల్జీన్ పేరు మార్చుకుని, మేయరుగా గౌరవంగా బతుకుతుంటాడు. అతడేననుకుని వేరెవరినో పట్టుకుని విచారిస్తున్నారని తెలుస్తుంది. నోరు విప్పితే తన బతుకు పోతుంది, మూసుకుంటే నిరపరాధి బతుకు పోతుంది. నాటకంలో ఈ సంకటం ఒక్క పాటలో తేలిపోతుంది. మంచి పాటే, కాదనను.

నవలలో అది ఒక రాత్రంతా సాగుతుంది. వాల్జీన్ తలుపు గడియ వేసుకుంటాడు. ఎవరైనా చూస్తారేమోనని కొవ్వొత్తి ఆర్పేస్తాడు. తలుపు మూసిన గదిలో చూసేదెవరు? బయటే ఉంచుదామనుకున్న అంతరాత్మ అప్పటికే లోపలికి వచ్చేసిందంటాడు హ్యూగో. పాత బట్టలు నిప్పుల్లో వేస్తే, ఎప్పుడో ఒక పిల్లవాడి దగ్గర కాజేసిన నాణెం బూడిదలో మెరుస్తుంది. ఒకప్పుడు తనను ఆదుకున్న బిషప్పు ఇచ్చిన వెండి కొవ్వొత్తి స్తంభాలను కూడా కరిగించేద్దామని చేతుల్లోకి తీసుకుని, మళ్లీ యథాస్థానంలో పెట్టేస్తాడు. తెల్లవారి బండి కట్టించుకుని బయలుదేరితే దారిలో చక్రం చెడిపోతుంది. ఇక వెళ్లలేనని ప్రాణం తెరిపిన పడేలోపే ఇంకో బండి దొరుకుతుంది. న్యాయస్థానం తలుపు దాకా వచ్చి, నడవ వెంట వెనక్కి పారిపోయి, మళ్లీ వస్తాడు. అతను ఏ క్షణాన నిర్ణయం తీసుకున్నాడో వేలు పెట్టి చూపలేం. నిజంగా మనుషులు నిర్ణయాలు తీసుకునేది అలాగేనని నా గట్టి నమ్మకం.

ఆ కొవ్వొత్తి ఆర్పడాన్ని వేదిక మీద చూపడం ఎంత కష్టమో ఆలోచించండి. వేదిక మీద మనిషి ఒంటరిగా ఉండలేడు, హాలంతా అతన్నే చూస్తూ ఉంటుంది. స్వగతం కూడా సభకు వినపడేలా చెప్పే మాటే.

సమయం చాలకనే ఇదంతా పోతుందని కొందరంటారు. కొంతవరకే నిజం. డికెన్స్ నవల ‘నికొలస్ నికల్‌బీ’ని 1980లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ రెండు భాగాలుగా, సుమారు ఎనిమిదిన్నర గంటలు ఆడింది. నాకు నచ్చేది ఆ నిడివి కాదు. నాటకం రాసిన డేవిడ్ ఎడ్గర్ కథనాన్ని వదిలేయకుండా నటులకు పంచాడు. వాళ్లే ప్రేక్షకుల వైపు తిరిగి కథ చెప్పారు. అక్కడ లోటు ఎక్కడుందో తెలిసి పనిచేశారు.

రచయితే నాటకంగా రాసినా ఈ చిక్కు తప్పదు. అగాథా క్రిస్టీ 1939 నాటి హత్యల నవల ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’లో ఒక దీవిలో చేరిన పదిమందిలో చివరికి ఎవరూ మిగలరు. జరిగినదంతా ఒక రాతప్రతి వల్ల పాఠకులకు తెలుస్తుంది. 1943లో నాటకంగా మలిచినప్పుడు ఆమె ముగింపునే మార్చింది. వేదిక మీద కథ విప్పి చెప్పడానికి ఎవరో ఒకరు బతికి ఉండాలి మరి!

మీ మిత్రుల మాటలోనూ నిజముంది. గదిలో నలుగురుండి ఇద్దరే మాట్లాడుతుంటే, నవలలో మిగతా ఇద్దరూ మన మనసులోంచి జారిపోతారు. నాటకంలో అలా జారరు. పెద్దలు పెళ్లి మాటలు మాట్లాడుతుంటే, ఓ మూల కూర్చున్న అమ్మాయి వేళ్లు మనకు కనపడుతూనే ఉంటాయి. అందుకే నాటకాలు మానకండి. మొదటినుంచీ నాటకంగానే రాసిన వాటికి వెళ్లండి, మాట్లాడని పాత్రను గమనించండి. ప్రాణప్రదమైన నవలను నాటకంగా వేస్తే చూసితీరాలన్న నియమం మాత్రం లేదు. నటుల ముఖాలు పాత్రలకు అంటుకుపోతే ఒక పట్టాన వదలవు కూడా.

ప్రశ్న: మేం కొందరం కలిసి ఒక నవలను నాటకంగా వేయాలనుకుంటున్నాం. ఎలాంటిది ఎంచుకోవాలి?
— ఒక విద్యార్థి

జవాబు: కథ నాలుగైదు చోట్లకు మించి తిరగనిది, సంభాషణల మీదే నడిచేది చూడండి. స్టైన్‌బెక్ ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ అలాంటిది. 1937లో నవలికగా వచ్చి, అదే ఏడాది న్యూయార్క్‌లో నాటకమైంది. రచయిత దాన్ని వేదికను దృష్టిలో పెట్టుకునే రాశాడు: ప్రతి అధ్యాయం మొదట్లో చోటు వర్ణన, ఆ తర్వాత ఎక్కువగా మాటలే. మీరు అనుకున్న నవలలో ఒక అధ్యాయం తీసుకుని, సంభాషణలు మినహా అన్నీ పెన్సిల్‌తో కొట్టేసి, మిగిలింది గట్టిగా చదవండి. కథ అర్థమైతే ముందుకు వెళ్లండి. కాకపోతే కొట్టేసిన వాక్యాలను ఎవరి నోట పలికించాలో ముందే తేల్చుకోండి. నవల మీద కాపీరైటు ఇంకా ఉంటే రచయిత దగ్గర, రచయిత లేకపోతే హక్కుదారుల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే రిహార్సల్స్ మొదలుపెట్టండి.